కదిలినవన్నీ చెరిపేశాను

చింతామణిలో ముప్పై నాలుగేళ్ళు ఫొటో స్టూడియో నడిపాను. మూసేసి మూడేళ్ళయింది. ఇప్పటికీ టీ కొట్టు దగ్గరో, బస్టాండులోనో ఎవరో ఒకరు పట్టుకుని అదే ప్రశ్న వేస్తారు. ఫొటోలు తీయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నామనీ, చేతిలో ఉన్నదానితో సర్దుకోవాలా, ఎస్ఎల్ఆర్ అనే పెద్ద కెమెరా కొనాలా చెప్పమనీ అడుగుతారు. నేను మాట మార్చేసి వచ్చేస్తాను. ముసలాయనకు గర్వమని ఊళ్ళో అనుకుంటున్నారని నాకు తెలుసు.

గర్వం కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడంలో నా అంత ధీమా ఉన్నవాడు ఒకప్పుడు ఈ మూడు తాలూకాల్లో లేడు. ఒక అమ్మాయికి చెప్పిన జవాబు తర్వాత నాకు నోరు పెగలడం లేదు. ఆ సంగతి రాద్దామనే కూర్చున్నాను. నాకు వచ్చిన సన్మానాలూ, అసోసియేషన్‌లో వేసిన శాలువాలూ రాయను. అవి ఎవరికీ పనికిరావు, నాకైతే అసలే పనికిరావు.

బాగేపల్లి రేకు డబ్బాలు

డిగ్రీ మొదటి ఏడాదిలోనే చదువు మానేసి బాగేపల్లిలో బాషా సాబు స్టూడియోలో చేరాను. ఆయనకు కోపం ఎక్కువ, మాటలు తక్కువ. లైటు ఎక్కడ పెట్టాలో, పెళ్ళికూతురి గడ్డం ఎంత దించమనాలో, నెగటివ్‌ను ఎంతసేపు కడగాలో అన్నీ ఆయన చేతి కిందే నేర్చుకున్నాను. ఆ గదిలో గోడ పొడుగునా బిస్కెట్ల రేకు డబ్బాలు పేర్చి ఉండేవి. ఒక్కో డబ్బా మీద ఒక్కో ఊరి పేరు. ఆ ఊళ్ళో తీసిన నెగటివ్‌లన్నీ అందులోనే. మంచివీ, చెడ్డవీ, కళ్ళు మూసుకున్నవీ, తల తెగినవీ, ఒక్కటి కూడా ఆయన పారేసేవాడు కాదు. ఈ చెత్తంతా ఎందుకని నేను లోపల విసుక్కునేవాణ్ణి. దుమ్ము దులిపే పని నాది మరి.

ఒకరోజు ఒక రైతు వచ్చాడు. భార్య పోయిందట. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదట. మా వైపు అది మామూలే. మనిషి బతికున్నంతకాలం ఫొటో అన్న ఆలోచనే రాదు, పోయాక తిథికి గోడ మీద పెట్టడానికి కావాలి. అప్పుడు స్టూడియోకు వస్తారు. బాషా సాబు ఆ ఊరి డబ్బా తీసి, నెగటివ్‌లు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి వెతికాడు. నాలుగేళ్ళ కిందటి ఒక పెళ్ళి గుంపులో రెండో వరుసలో ఆమె దొరికింది. సగం ముఖం ఇంకొకరి భుజం వెనక, కళ్ళు మూసుకుని. ఇదేం పనికొస్తుందని నేను అనేశాను. సాబు నా వైపు చూడకుండానే, "బాగొచ్చిందా అని చూసేది మనమప్పా. వాళ్ళు, ఉండాదా లేదా అని చూస్తారు" అన్నాడు. ఆ సగం ముఖాన్నే పెద్దది చేసి ఇచ్చాడు. ఆ రైతు దాన్ని తువ్వాల్లో చుట్టుకుని చంకలో పెట్టుకుని పోయాడు.

సాబు దగ్గర లైటింగు నేర్చుకున్నాను, ప్రింటింగు నేర్చుకున్నాను. ఆ మాటను మాత్రం బాగేపల్లిలోనే వదిలేసి వచ్చాను.

నూటికి పది

చింతామణిలో సొంతంగా పెట్టుకున్న తర్వాత చాలా ఏళ్ళు ఫిల్మ్ నడిచింది. ఆ తర్వాత చొక్కా జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరాలు వచ్చాయి. ప్రతి ఇంట్లో ఒకటి. వాటితో పాటే ఈ ప్రశ్న కూడా వచ్చింది. వారానికి ఒకరైనా నా దగ్గరికి వచ్చి, చిన్నది వదిలి పెద్దదానికి పోవచ్చా అని అడిగేవారు.

నేనొక పరీక్ష పెట్టుకున్నాను. ముందు నీ మెమరీ కార్డు తీసుకురా అనేవాణ్ణి. దాన్ని స్టూడియో కంప్యూటర్లో పెట్టి, ఫొటోలు ఒక్కొక్కటే తెర మీద పెద్దవి చేసి చూసేవాణ్ణి. మసకగా ఉన్నదాన్ని వాళ్ళ కళ్ళ ముందే చెరిపేసేవాణ్ణి. చివరికి నూటికి పదైనా చక్కగా మిగిలితే చేయి కుదిరినట్టు, పెద్ద కెమెరా గురించి ఆలోచించొచ్చు. లేదంటే ఉన్నదానితో ఇంకో ఆరు నెలలు. ఇలా కఠినంగా ఉంటేనే విద్య వస్తుందని నా నమ్మకం. చెరిపేయడంలో నాకు కాస్త ఆనందం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. చూస్తున్నవాళ్ళ ముఖంలో భయభక్తులు కనిపించేవి.

నా పరీక్ష పనిచేయలేదని అనను. చిక్కబళ్ళాపుర పక్కన ద్రాక్షతోట ఉన్న ఒకాయన నన్ను అడగకుండానే పెద్ద కెమెరా, దానికి రెండు లెన్సులు కొనేశాడు. ఏడాది తర్వాత చూస్తే, పైనున్న చక్రం ఆటోమేటిక్ గుర్తు మీదినుంచి ఒక్కసారి కూడా కదల్లేదు. రెండో లెన్సు బీరువాలో పట్టుచీరల మధ్య నాఫ్తలీన్ ఉండల వాసనతో నిద్రపోతోంది. ఇంకొకాయన స్కూలు మేష్టరు. మురుగమల్ల దర్గాకు వచ్చిపోయేవాళ్ళను చిన్న కెమెరాతోనే తీసేవాడు. చెట్ల కింద కూర్చున్నవాళ్ళు, నిద్రపోతున్నవాళ్ళు, దువా చేస్తూ నిలబడినవాళ్ళు. నీకు ఎస్ఎల్ఆర్ అక్కర్లేదని చెప్పాను. ఆ చిన్నదానితోనే ఆయన తీసిన ఫొటోలు ఇప్పటికీ చూడబుద్ధేస్తుంది. ఇలాంటివి నాలుగు చోట్ల నిజం కావడంతో నా జవాబు ఎప్పుడూ నిజమేననే పొగరు వచ్చింది.

మంజుల

దిబ్బూరహళ్ళి పక్కన ఒక చిన్న పల్లె నుంచి మంజుల వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. తండ్రి లేడు. తల్లి పట్టుపురుగులు మేపేది, మంజుల జాకెట్లు కుట్టేది. అన్న సోమశేఖర, అందరూ సోము అనేవారు, టెంపోలో చింతామణి మార్కెట్టుకు టమాటా తోలేవాడు. ఇల్లు అతని మీదే నడిచేది. చెల్లెలికి ఫొటోలంటే ఇష్టమని బెంగుళూరు నుంచి చిన్న కెమెరా తెచ్చిచ్చింది కూడా అతనే. సీమంతాలకూ, ఆడపిల్లల వేడుకలకూ ఆడమనిషి ఫొటోలు తీస్తే ఇళ్ళల్లో సంతోషిస్తారని, ఆ పని నేర్చుకోవాలని మంజుల ఆశ. మంచి ఆలోచనే. ఆ మాట ఆమెతో అన్నాను కూడా.

కార్డు పెట్టి చూశాను. నిండిపోయి ఉంది. సగానికి పైగా సోమువే. టెంపో మీద టార్పాలిన్ లాగి కడుతూ, బండి ఆగకముందే కిందికి దూకుతూ, చేతిలో కంచంతో వాకిట్లో తిరుగుతూ తింటూ, పక్కింటి పిల్లను గాల్లోకి ఎగరేస్తూ. ఒక్కదానిలోనూ ముఖం నిలకడగా లేదు. ఎక్కడ చూసినా చొక్కా రంగు సాగిపోయి, చేతులు రెండుకు నాలుగై కనిపిస్తున్నాయి.

"మా అన్న ఒక్క తావున నిలబడడు సార్" అంది మంజుల. "నేను నొక్కేలోపల జరిగిపోతాడు. పెద్ద కెమెరా అయితే దొరుకుతాడా?"

ఆమె అడిగింది ఇదే. ఇంతకంటే సూటిగా నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కానీ నాకు అందులో సాకు వినిపించింది. చేయి కుదరనివాళ్ళందరూ నేరం కెమెరా మీద వేస్తారు కదా. తప్పు కెమెరాది కాదమ్మా, ముందు నిలబడేదాన్ని తీసి నేర్చుకో, కదిలేవాళ్ళ మాట తర్వాత చూద్దాం అని చెప్పి చెరిపేయడం మొదలుపెట్టాను.

ఒకచోట ఆమె చేయి అడ్డు పెట్టినంత పని చేసింది. బోరు దగ్గర సోము తల మీద బిందె కుమ్మరించుకుని తల విదిలిస్తున్నాడు. నీటి చుక్కలు చుట్టూ చెదిరిపోయాయి. ముఖమంతా ఒక మసక, మధ్యలో తెల్లగా పళ్ళు. నవ్వుతున్నాడు. ఇది ఉండనీయండి అని మెల్లిగా అడిగింది. ఇందులో ముఖమేదో చూపించు అన్నాను. ఆమె చూపించలేకపోయింది. చెరిపేశాను.

చివరికి మల్లెతీగ, కుట్టిన జాకెట్టు, కట్టేసిన మేక, కూర్చున్న తల్లి, ఇలాంటివి ఓ పదిహేను మిగిలాయి, నూటికి పది కూడా కాదు. ఇవి బాగున్నాయి, నీకు ఎస్ఎల్ఆర్ అక్కర్లేదు, దీనితోనే ఆరు నెలలు తీయి అని తీర్పు చెప్పాను. ఆమె తల ఊపింది. చెప్పిన మాట వినే పిల్ల. ఈ కథలో అన్నిటికంటే బాధ అదే.

అంతలో సోము ఆమె కోసం వచ్చాడు. టెంపో ఇంజను ఆపలేదు. ఒక కాలు లోపల, ఒక కాలు మెట్టు మీద పెట్టి హారన్ కొడుతున్నాడు. నేను ఒక నామకరణానికి బయల్దేరుతూ గుమ్మంలోకి వచ్చాను. నా మెడలో కెమెరా ఉంది. దిగప్పా, ఒకటి తీస్తానన్నాను. "ఇంకోసారి సార్, బండి నిండా టమాటా ఉండాది" అని నవ్వి పోనిచ్చాడు. దిగితేనే ఫొటో అనుకున్నాను నేను. అక్కడికక్కడే కెమెరా ఎత్తి ఉంటే ఒక్క క్షణం పని.

ఆ తర్వాత నాలుగు నెలలు మంజుల నెలకోసారి వచ్చింది. ముగ్గులు, వరసగా పేర్చిన కుండలు, మల్బరీ ఆకు తరుగుతున్న తల్లి చేతులు. అన్నీ చక్కగా ఉన్నాయి. చెరపడానికి నాకు పెద్దగా మిగిలేది కాదు. రెండు ముగ్గుల ఫొటోలు పెద్దవి చేసి స్టూడియోలో తగిలించాను కూడా. కార్డులో సోము ఎక్కడా లేడని నేను గమనించలేదు. నిలబడేవాటినే తీయమన్నాను, ఆమె నిలబడేవాటినే తీసింది.

పెద్ద కెమెరా చేసే పని

ఇక్కడ కాస్త విద్య చెప్పాలి. ఆ కాలపు చిన్న కెమెరాలు బటన్ నొక్కగానే ఫొటో తీసేవి కావు. ముందు దూరం చూసుకోవాలి, వెలుతురు చూసుకోవాలి, ఆ తర్వాత తీస్తాయి. ఆ కాస్త ఆలస్యం మల్లెతీగకు పట్టదు. టెంపో మీదినుంచి దూకేవాడు ఆ లోపల నేల మీదికి వచ్చి నాలుగడుగులు వేసేస్తాడు. ఎస్ఎల్ఆర్‌లో మనం చూసిన క్షణానికీ, అది తీసే క్షణానికీ మధ్య దాదాపు ఖాళీ ఉండదు. మసక వెలుతురులో కూడా కదిలే మనిషిని పట్టుకుంటుంది. పెద్ద కెమెరా గొప్పంతా ఇదే. మిగతా సోకులన్నీ దీని తర్వాతే.

అంటే ఆమె కార్డులో మసకగా ఉన్న ఫొటోలు చేయి కుదరలేదని చెప్పడం లేదు. ఈ పిల్లకు పెద్ద కెమెరా కావాలని చెబుతున్నాయి. నా ముప్పై ఏళ్ళ అనుభవం ముందు అంత స్పష్టంగా సాక్ష్యం పెడితే, దాన్ని ఒక్కొక్కటిగా చెరిపేసి, నీకు అక్కర్లేదని చెప్పాను.

కాబట్టి కొత్తవాళ్ళకు నేను చెప్పగలిగింది చాలా కొంచెం. కొనాలా వద్దా అని అడిగేవాడి చేయి చూడకండి. అతను ఎవర్ని తీయాలనుకుంటున్నాడో చూడండి. పూలూ, గోపురాలూ, కూర్చున్న మనుషులూ అయితే ఉన్నదే చాలు, ఈ కాలంలో ఫోను కూడా చాలు. తను ఇష్టపడేవాళ్ళు చేతిలో ఉన్నదానికి దొరక్కుండా పోతుంటే మాత్రం కొనమనండి. కొనేవరకు, దొరికినంత మసకగానైనా తీయమనండి. చెరపమని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఈ ఒక్క మాట నాకు సాబు దగ్గరే అందింది, నేనే తీసుకోలేదు.

తీసేసినవి

ఐదో నెలలో సోము బాగేపల్లి దగ్గర హైవే మీద పోయాడు. ఖాళీ బండితో తిరిగి వస్తుంటే లారీ కొట్టింది. నాకు తెలిసింది మూడోరోజు పొద్దున. మంజుల, వాళ్ళ చిన్నాన్న స్టూడియోకు వచ్చారు. తిథికి ఫ్రేము ఫొటో కావాలన్నాడు చిన్నాన్న. చేతిలో సోము డ్రైవింగ్ లైసెన్సు. గోరంత ముఖం, బిగుసుకుపోయి ఉంది. ఇది తప్ప ఇంకొకటి లేదన్నాడు. ఇంట్లో కెమెరా పెట్టుకుని ఒక్కటి కూడా లేకపోవడమేమిటని ఆయనే మళ్ళీ అన్నాడు. మంజుల తల ఎత్తలేదు. నేను కూడా.

ఆయన ఫ్రేములు చూసుకోవడానికి అటు పోయాక ఆమె కార్డు తీసి టేబుల్ మీద పెట్టింది.

"సార్, ఆ పొద్దు తీసేసినవి యాడికి పోతాయి సార్?"

నా బతుకులో ఇంత కష్టమైన ప్రశ్న ఎవరూ వేయలేదు. వెంటనే పోవు అని చెప్పాను. అది నిజమే. చెరిపినా కార్డులో ఉంటాయి, వాటి మీద కొత్తవి వచ్చి పడేవరకు. చిక్కబళ్ళాపురలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన అలాంటివి వెనక్కి తీస్తాడని విన్నాను. స్టూడియో మూసేసి అప్పటికప్పుడు ముగ్గురమూ బస్సెక్కాం. మంజుల కార్డును గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

ఆయన చాలాసేపు పని చేశాడు. తెర మీద ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ముగ్గు. కుండలు. ఇంకో ముగ్గు. తల్లి చేతులు. నేను మెచ్చుకున్నవన్నీ వచ్చాయి. వాటి కింద ఏమైనా ఉందా అని అడిగాను. పాతవి ఉన్న చోట్లోనే ఇవి ఎక్కినాయి సార్, కింద ఇంకేమీ లేవు అన్నాడు ఆయన. నేను చెరిపిన ప్రతి సోము మీదా నేను మెచ్చుకున్న ఒక ముగ్గు కూర్చుంది. మంజుల ఏడవలేదు. ఇంక చాలు సార్, పోదాం అని లేచింది.

లైసెన్సు ముఖాన్ని పెద్దది చేశాను. మెడ కింద ఏమీ లేదు కాబట్టి, స్టూడియోలో అందరికీ చేసినట్టే, కంప్యూటర్లో ఒక తెల్లచొక్కా తొడిగాను. పదకొండో దినాన ఫ్రేము నేనే మోసుకుని వాళ్ళ పల్లెకు పోయాను. తల్లి దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. ముఖం మీద కాదు, కింద వేలు పెట్టింది. "వానికి ఈ చొక్కా యాడిదప్పా?" అని అడిగింది. నేనే వేసినానని చెప్పాను. దండ వేసి గోడకు తగిలించారు.

కెమెరా తీసుకుపోయిన రోజు

ఏడాది తిరిగింది. ఆ ఏడాదంతా నేను ఎవరి కార్డూ చూడలేదు. నేను వాడుతున్న రెండు ఎస్ఎల్ఆర్‌లలో మంచిదాన్ని శుభ్రం చేసి, లెన్సు పెట్టి, బ్యాగులో సర్దుకుని మంజుల ఇంటికి పోయాను. ఆమె వేడుకలకు తీయాలనుకున్నది కదా, ఆ పనికైనా పనికొస్తుందని అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా బరువు కొంచెమైనా దిగుతుందని పోయాను.

వరండాలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. తల్లి లోపల తట్టల్లో పురుగులకు ఆకు వేస్తోంది. మంజుల నన్ను చూసి లేచి, మంచినీళ్ళు ఇచ్చి, స్టూడియో ఎట్ల నడుస్తాందని అడిగింది. ఏ నిష్ఠూరమూ లేదు. ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది. నేను బ్యాగు తెరిచి కెమెరా ఆమె చేతుల్లో పెట్టాను. అప్పట్లో నేను తప్పు చెప్పాననీ, నువ్వు అడిగిన రోజే కొనమని చెప్పాల్సిందనీ, ఇది ఉంటే దొరికేవాడనీ అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఏడాది పట్టింది.

ఆమె కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసింది. కంటి దగ్గర పెట్టుకుని వాకిలి వైపు చూసింది. వాకిట్లో ఎవరూ లేరు. బటన్ మీద వేలు పెట్టింది కానీ నొక్కలేదు. మెల్లిగా దించి, పట్టీ చుట్టి, నా ఒళ్ళో పెట్టింది.

"వద్దు సార్, చిన్నది చాలు" అంది. "మా ఇంట్లో ఇంక కదిలేవోళ్ళు ఎవురూ లేరు."

మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది. ఆమె మళ్ళీ దాని ముందు కూర్చుంది. నేను బ్యాగు జిప్పు వేసుకుని బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను.